పక్కన కొత్త ప్రాజెక్టు వస్తోందా? దాని ట్రాఫిక్ భారాన్ని, వాటాను లెక్కకట్టే పద్ధతి

ఖాళీ జాగా చుట్టూ రేకులు లేచాయి, 900 ఫ్లాట్లని బోర్డు పెట్టారు. కాలనీ వాట్సాప్ గ్రూపులో అందరిదీ ఒకటే బెంగ: ఈ రోడ్డు ఇప్పటికే నిండిపోయింది, ఇంకా ఎక్కడ పడతాయి బండ్లు? ఆ బెంగ న్యాయమైనదే. కానీ అదే మాట అర్జీలో రాసి ఇస్తే ఫైల్లో పడి ఉంటుంది. "పీక్ అవర్‌లో ఈ రోడ్డు మీద అదనంగా 413 పీసీయూలు పడతాయి, విస్తరణ ఖర్చులో ఈ ప్రాజెక్టు వాటా 29.5 శాతం" అని రాస్తే దానికి ఎవరో ఒకరు లెక్కతోనే జవాబు చెప్పాలి. (పీసీయూ అంటే ప్యాసింజర్ కార్ యూనిట్, అన్ని రకాల బండ్లనూ కారు కొలతకు తెచ్చిన లెక్క.) ఆ అంకెలు ఎలా తీయాలో కింద ఉంది. ఇంజినీరింగ్ డిగ్రీ అక్కర్లేదు. నలుగురు మనుషులు, ఒక పొద్దు, ఒక కాలిక్యులేటర్ చాలు.

ఇప్పుడు కడుతున్నది దేనికి

బిల్డర్‌కు వచ్చే ఫీజు లెటర్‌లో చాలా పద్దులుంటాయి: పర్మిట్ ఫీజు, డెవలప్‌మెంట్ ఛార్జీలు, బెటర్‌మెంట్ ఛార్జీలు, 1 శాతం లేబర్ సెస్సు వగైరా. వాటిలో మనం చూడాల్సింది సిటీ లెవెల్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ఇంపాక్ట్ ఫీజు. హైదరాబాద్‌కు వర్తించే, 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 బిల్డింగ్ రూల్స్‌లో ఇది ఉంది. ఎత్తయిన భవనాలకు వాడకాన్ని, అంతస్తును బట్టి చదరపు మీటరుకు ఇంత అని వేస్తారు. వసూలైన డబ్బును విడిగా ఎస్క్రో ఖాతాలో (ఆ పనికే వాడాల్సిన ప్రత్యేక ఖాతా) పెట్టి, సగం అదే ప్రాంతంలోని సదుపాయాలకు, మిగతా సగం నగర స్థాయి పనులకు ఖర్చు పెట్టాలి. అందుకు ముందుగా ఒక ప్రణాళిక ఉండాలని కూడా రూల్ చెబుతోంది.

ఇందులో ఒక లోటుంది. ఫీజు విస్తీర్ణాన్ని చూస్తుంది, బండ్లను చూడదు. లక్ష చదరపు అడుగుల గోడౌను, లక్ష చదరపు అడుగుల సూపర్‌మార్కెట్ రోడ్డు మీద ఒకేలా ఉండవు. ఒకదానికి రాత్రి నాలుగు లారీలు వస్తాయి, రెండోదానికి సాయంత్రం గంటకు వందల బండ్లు. అమెరికా నగరాలు ట్రాఫిక్ ఇంపాక్ట్ ఫీజును ట్రిప్పుల లెక్కన వేయడం వెనక ఉన్న కారణం ఇదే. అక్కడి సుప్రీంకోర్టు 1994లో, కోరే వాటా ప్రాజెక్టు కలిగించే భారానికి సుమారుగానైనా సరితూగాలని చెప్పింది. కాలిఫోర్నియాలోని ఎల్ డొరాడో కౌంటీ ఒక్క ఇంటికి 23,420 డాలర్ల ట్రాఫిక్ ఫీజు వేస్తే, చట్టసభ ముందే నిర్ణయించిన ఫీజుకైనా అదే పరీక్ష తప్పదని 2024 ఏప్రిల్‌లో తేల్చింది. ఆ తీర్పులు మనకు వర్తించవు. ఆ తూకం మాత్రం మన లెక్కకూ పనికొస్తుంది: వాళ్లు తెచ్చే భారం ఎంతో అంతే అడగాలి, ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

ముందు గేటు దగ్గర నిలబడాలి

కొత్త ప్రాజెక్టు ఎన్ని బండ్లు తెస్తుందో తెలియాలంటే, అలాంటిదే ఇప్పటికే జనం ఉంటున్న ఒక గేటెడ్ కమ్యూనిటీని ఎంచుకోండి. అదే రోడ్డు మీద, అదే ధర స్థాయిలో, మెట్రోకు దాదాపు అంతే దూరంలో ఉంటే మంచిది. అమెరికా ట్రిప్ జనరేషన్ మాన్యువల్‌లోని రేట్లను కన్సల్టెంట్లు రిపోర్టులో దించేస్తుంటారు. మనలా టూవీలర్లు, ఆటోలు, స్కూల్ వ్యాన్లు కలిసి తిరిగే ట్రాఫిక్ చూసి తీసిన రేట్లు కావు కాబట్టి అవి ఇక్కడ నిలవవు.

మంగళ, బుధ, గురువారాల్లో ఒక రోజు చూసుకోండి. ఐటీ కారిడార్ దగ్గర సోమ, శుక్రవారాలు వర్క్ ఫ్రమ్ హోమ్ వల్ల పలచబడతాయి. దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో లెక్కపెట్టిన కౌంట్ చెల్లదు. వాన పడే రోజు కూడా వద్దు. ఉదయం 7:30 నుంచి 11 వరకు, సాయంత్రం 5 నుంచి 8:30 వరకు నిలబడి, 15 నిమిషాలకు ఒక కాగితం చొప్పున కార్లు, టూవీలర్లు, ఆటోలు, బస్సులు వేర్వేరుగా, లోపలికి, బయటికి విడివిడిగా గీతలు పెట్టండి. వరసగా వచ్చే నాలుగు 15 నిమిషాల్లో ఎక్కువ మొత్తం వచ్చిన గంటే మీ పీక్ అవర్. స్కూలు టైమూ ఆఫీసు టైమూ వేరు కాబట్టి అది ఎప్పుడు పడుతుందో ముందుగా ఊహించొద్దు.

సెక్యూరిటీ ఆఫీసులో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఎన్ని ఫ్లాట్లలో జనం ఉంటున్నారు? చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. 420 ఫ్లాట్లు కట్టి 300 మాత్రమే నిండిన చోట 420తో భాగిస్తే రేటు దాదాపు 29 శాతం తగ్గిపోతుంది.

బండ్లను పీసీయూలుగా మార్చడం

వంద బైకులూ వంద బస్సులూ ఒకటి కాదు కదా. అందుకే అన్నిటినీ కారు కొలతకు తేవాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ఐఆర్‌సీ 106 (1990) ప్రకారం కారు 1. ట్రాఫిక్‌లో టూవీలర్ల వాటా 10 శాతం, ఆపైన ఉంటే ఒక్కోటి 0.75. ఆటోల వాటా 5 శాతం ఉంటే ఒక్కో ఆటో 1.2, 10 శాతం దాటితే 2.0. బస్సు, లారీ అదే పద్ధతిలో 2.2 నుంచి 3.7. వాటా 5, 10 శాతాల మధ్య ఉంటే విలువ కూడా మధ్యలో తీసుకోండి. ఈ వాటా గేటులో కాదు, మెయిన్ రోడ్డు మీద చూడాలి.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. 300 ఫ్లాట్లు నిండిన గేటులో పీక్ అవర్‌కు రెండు దిక్కులూ కలిపి 132 కార్లు, 96 టూవీలర్లు, 10 ఆటోలు, 6 స్కూలు బస్సులు. రోడ్డు మీద ఆటోలు, బస్సులు 5 శాతం లోపే ఉన్నాయనుకుంటే: 132 + 72 + 12 + 13.2 = 229.2 పీసీయూ. ఫ్లాటుకు 0.764. కొత్త ప్రాజెక్టు 900 ఫ్లాట్లకు 688 పీసీయూ. అందులో 60 శాతం ఐటీ ఆఫీసుల దిక్కు వెళ్తే ఆ రోడ్డు ముక్క మీద పడేది 413.

ఇక్కడ హైదరాబాద్‌కు ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. మన దగ్గర చాలా జంక్షన్లు మూసి యూటర్న్‌లు పెట్టారు. కుడికి వెళ్లాల్సిన బండి గేటులోంచి ఎడమకు తిరిగి, యూటర్న్ దాకా పోయి, మళ్లీ అదే గేటు ఎదురుగా అవతలి వైపు నుంచి వస్తుంది. అంటే గేటుకూ యూటర్న్‌కూ మధ్య ముక్కలో అది రెండుసార్లు లెక్కకు రావాలి. బయటికొచ్చే 250 పీసీయూ కుడికి పోయేవైతే, ఆ ముక్కలో భారం 500. పైగా ఎడమ అంచున రోడ్డెక్కిన బండి కొద్ది దూరంలోనే లేన్లన్నీ దాటి డివైడర్ పక్కకు చేరాలి. జామ్ మొదలయ్యేది ఆ చోటే. రిపోర్టులో మ్యాపు మీద సూటిగా కుడివైపు బాణం గీసి ఉంటే, ఆ డిజైనర్ సైటు చూడలేదని అర్థం.

రోడ్డు ఎంత మోయగలదు

ఐఆర్‌సీ 106లో డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డుకు గంటకు రెండు దిక్కులా కలిపి ఆర్టీరియల్ (ప్రధాన రోడ్డు) అయితే 3,600, సబ్ ఆర్టీరియల్ (దాని కింది తరగతి) అయితే 2,900 పీసీయూ. ఆరు లేన్లకు 5,400, 4,300. రెండు చోట్ల మోసపోతాం. మొదటిది, రోడ్డు తరగతి. ఆర్టీరియల్ అంటే పక్కన షాపుల గేట్లు ఉండవు, బండ్లు ఆగవు, అడ్డంగా దాటేవాళ్లు దాదాపు ఉండరు. టిఫిన్ సెంటర్ ముందు బైకులు నిలిపే రోడ్డుకు 3,600 రాస్తే అది అన్యాయం. బండ్లు ఆగే రోడ్డు సబ్ ఆర్టీరియల్ కూడా కాదు. రెండోది, ఈ అంకెలు గరిష్ఠ సామర్థ్యం కావు. సామర్థ్యంలో 70 శాతం దగ్గర పెట్టిన డిజైన్ సర్వీస్ వాల్యూమ్‌లు, అంటే రోడ్డు డిజైన్‌కు వాడే పరిమితులు. 2,900 బదులు గరిష్ఠమైన 4,143తో (2,900/0.7) భాగిస్తే ఏ రోడ్డయినా ఖాళీగా కనిపిస్తుంది. ఏ అంకెతో భాగించారో రిపోర్టులో వెతకండి, లేదంటే అడగండి.

మన ఉదాహరణలో రోడ్డు సబ్ ఆర్టీరియల్, గేటు దగ్గర చేసినట్టే మెయిన్ రోడ్డు మీద లెక్కపెట్టిన ఇప్పటి పీక్ 2,650. ప్రాజెక్టు నిండేసరికి నాలుగేళ్లు, ఏడాదికి 4 శాతం పెరుగుదల అనుకుంటే 3,100. ప్రాజెక్టుతో కలిపి 3,513. అంటే డిజైన్ వాల్యూమ్‌కు 0.91 రెట్లున్న రోడ్డు, ప్రాజెక్టు లేకున్నా 1.07కు, ప్రాజెక్టుతో 1.21కు చేరుతుంది. ఈ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి చూపించండి. రోడ్డు దానంతట అదే నిండే భాగాన్ని కూడా బిల్డర్ మీద వేస్తే, మీ లెక్క మొత్తాన్ని పక్కన పెట్టడానికి వాళ్లకు అదొక్కటి చాలు.

వాటా: దేనితో భాగించాలి

అసలు గొడవంతా ఇక్కడే. నాలుగు లేన్లను ఆరు చేయడానికి 12 కోట్లు అవుతుందనుకుందాం. అదే 413ను మూడు రకాలుగా భాగించొచ్చు.

మొత్తం ట్రాఫిక్‌తో భాగిస్తే (413/3,513) 11.8 శాతం, 1.41 కోట్లు. బిల్డర్ తరఫువాళ్లు ఎప్పుడూ దీన్నే తెస్తారు. దశాబ్దాలుగా ఆ రోడ్డు మీద తిరుగుతున్నవాళ్లందరినీ హారంలో కలుపుతుంది కాబట్టి వాటా చిన్నదవుతుంది. పెరుగుదలతో భాగిస్తే (3,513లోంచి 2,650 తీస్తే 863, 413/863) 47.9 శాతం, 5.74 కోట్లు. కాలనీవాళ్లకు ఇది నచ్చుతుంది. కానీ వెడల్పు చేశాక మిగిలే జాగాను తర్వాత వచ్చేవాళ్లు ఉచితంగా వాడుకుంటారు. కొత్తగా వచ్చే సామర్థ్యంతో భాగిస్తే (2,900 నుంచి 4,300, అంటే 1,400, 413/1,400) 29.5 శాతం, 3.54 కోట్లు, ఫ్లాటుకు సుమారు 39,300 రూపాయలు. అడగాల్సింది ఈ మూడోదే. బిల్డర్ తాను వాడుకునే జాగాకే కడుతున్నాడు, మిగతాది వచ్చే ప్రాజెక్టుల నుంచి అదే రేటుకు రాబట్టొచ్చు, పీసీయూకు దాదాపు 85,700 చొప్పున. ఇప్పటికే 2,900 దాటి ఉన్న రోడ్డయితే ఆ పాత లోటు పూడ్చే ఖర్చు ముందు తీసేసి, మిగిలినదాన్నే పంచాలి. పాత లోటు కొత్తవాళ్లది కాదు.

ఇంకొకటి గట్టిగా చూడాలి. రోడ్డు వెడల్పుకు స్థలం వదిలామని బిల్డర్ చూపిస్తారు. దానికి టీడీఆర్ (వదిలిన స్థలానికి బదులుగా ఇచ్చే, అమ్ముకోదగ్గ నిర్మాణ హక్కు) తీసుకున్నారా, సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ) సడలింపు తీసుకున్నారా కనుక్కోండి. తీసుకుంటే ఆ స్థలానికి ఖరీదు ముట్టినట్టే, ట్రాఫిక్ వాటాలో మళ్లీ తగ్గించడానికి వీల్లేదు.

గేటు

రోడ్డు లెక్క కుదిరినా గేటు దగ్గర చెడిపోతుంది. గార్డు ఆపి, పేరడిగి, యాప్‌లో చూసి పంపడానికి బండికి 20 సెకన్లు పడితే ఒక లేను గంటకు 180 కార్లే పంపుతుంది. సాయంత్రం 240 వస్తే గంట తిరిగేసరికి 60 కార్లు బయట మిగులుతాయి, కారుకు 6 మీటర్ల చొప్పున 360 మీటర్ల క్యూ, అదీ మెయిన్ రోడ్డు మీద. నివాసులకు ట్యాగ్ లేను పెట్టి 5 సెకన్లకు తెస్తే ఆ లేను 720 పంపుతుంది. ప్లానులో బూమ్ బారియర్ ప్రహరీ గీత మీదే ఉంటే 30 మీటర్లు లోపలికి జరపమని అడగండి. ప్లాను దశలో దీనికి పైసా ఖర్చు కాదు, కట్టాక సాధ్యపడదు.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయి

20,000 చదరపు మీటర్లు, ఆపైన నిర్మిత విస్తీర్ణం ఉన్న ప్రాజెక్టుకు 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద పర్యావరణ అనుమతి కావాలి. దరఖాస్తు, ట్రాఫిక్ రిపోర్టు, అనుమతి లేఖ కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో చూడొచ్చు. ఇలాంటి భవనాలకు బహిరంగ విచారణ ఉండదు కాబట్టి ఎవరూ మిమ్మల్ని పిలవరు. మీరే వెతుక్కోవాలి. అనుమతి ఇవ్వకముందే రాష్ట్ర నిపుణుల కమిటీకి మీ లెక్క రాసి పంపితే దానికి విలువ ఎక్కువ.

కేంద్ర పర్యావరణ శాఖ ప్రామాణిక షరతుల్లో ఒకటి మీకు బలమైన ఆధారం: ప్రాజెక్టు చుట్టూ 5 కిలోమీటర్ల లోపు రోడ్ల సర్వీసు స్థాయి (ట్రాఫిక్ ఎంత సాఫీగా సాగుతుందో చెప్పే కొలత) తగ్గకుండా ట్రాఫిక్ ప్రణాళిక వేయాలి, అది చుట్టుపక్కల వస్తున్న ఇతర ప్రాజెక్టులన్నిటినీ కలిపి చూడాలి, సంబంధిత శాఖలు దాన్ని ధ్రువీకరించాలి. చాలా రిపోర్టులు తమ ఒక్క ప్రాజెక్టునే లెక్కేస్తాయి. పక్క ప్రాజెక్టుల ఫ్లాట్ల సంఖ్య రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో చూసి, 0.764తో గుణించి కలిపి చూపించండి.

ఇంపాక్ట్ ఫీజు ఎంత కట్టారు, ఎస్క్రోలో ఎంతుంది, మీ ప్రాంతానికి రావాల్సిన సగంతో ఏ పని చేశారు అన్నది 10 రూపాయల సమాచార హక్కు దరఖాస్తుతో అడగండి. జవాబుకు గడువు 30 రోజులు. "ట్రాఫిక్‌కు ఏం చేశారు" అని కాక, ప్రాజెక్టు పర్మిట్ నంబరు, ఆర్థిక సంవత్సరం, పద్దు పేరు రాసి అడిగితేనే సూటిగా జవాబు వస్తుంది.

ఎప్పుడు పట్టు దొరుకుతుంది

అనుమతికి ముందు ఒకసారి, ఓసీకి (కట్టాక జనం దిగడానికి ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) ముందు ఒకసారి. మధ్యలో బిల్డర్ ఏటా జూన్ 1కి, డిసెంబర్ 1కి షరతుల అమలుపై నివేదిక ఇవ్వాలి. ట్రాఫిక్ షరతు ఎదురుగా "పాటిస్తాం" అని రాసి ఉంటే, ఏ పని, ఏ తేదీకి అని లిఖితపూర్వకంగా అడగండి. నిర్మాణంలో 10 శాతం భాగం కార్పొరేషన్ లేదా హెచ్‌ఎండీఏ పేర మార్ట్‌గేజ్‌లో ఉంటుంది, ఓసీతో పాటే విడుదలవుతుంది. అందుకే సర్వీస్ లేను, యూటర్న్ జరపడం, బారియర్ లోపలికి పెట్టడం లాంటివి ఓసీ కంటే ముందు పూర్తి కావాలని అనుమతి షరతుల్లోనే రాయించాలి. ఓసీ వచ్చి జనం దిగాక ఏడాదికి, అదే గేటు దగ్గర మళ్లీ ఒక ఉదయం నిలబడి లెక్కపెట్టండి. ఫ్లాటుకు 0.764 కాక 0.9 వచ్చిందనుకోండి, పక్క జాగాలో లేచే తర్వాతి ప్రాజెక్టుకు ఆ 0.9తోనే మొదలుపెట్టాలి.