గే పెళ్లిళ్లపై యూదులు ఏమంటారో తెలుసుకోవాలంటే ఇలా మొదలుపెట్టండి

"యూదు మతం స్వలింగ సంపర్కాన్ని ఒప్పుకుంటుందా?" అని అడిగితే సూటిగా జవాబు దొరకదు. కేథలిక్కులకు పోప్ ఉన్నట్టు యూదులందరికీ కలిపి ఒక మతపెద్ద లేరు. అందుకే ముందు ఏ శాఖ అన్నది కనుక్కోండి.

తర్వాత లేవీయకాండము 18:22, 20:13 చదవండి. మగవాళ్ల మధ్య సంబంధాన్ని నిషేధించే వచనాలు అవే. ఈ వచనాలున్న తోరా (యూదుల మూల పవిత్ర గ్రంథం) అందరికీ ఒక్కటే, కానీ దాన్ని ఈరోజు ఎలా పాటించాలి, ఎవరు నిర్ణయించాలి అన్న దగ్గరే దారులు వేరవుతాయి.

సంప్రదాయాన్ని కఠినంగా పాటించే ఆర్థడాక్స్ శాఖ వాళ్లకు అది దైవాజ్ఞ, కాబట్టి ఇద్దరు మగవాళ్లకు పెళ్లి చేయించరు. అయితే నిషేధం పనికే గానీ మనిషికి కాదు. 2010లో చాలామంది ఆర్థడాక్స్ రబ్బీలు (యూదు మతగురువులు) సంతకం పెట్టిన ప్రకటనలో, గే వ్యక్తిని వేధించడం, అవమానించడం తోరాకే విరుద్ధమని స్పష్టంగా ఉంది. ఉదారవాద శాఖ అయిన రిఫార్మ్ వాళ్లు 1990లోనే గే, లెస్బియన్ రబ్బీలను అంగీకరించారు, మరో ఉదారవాద శాఖ రీకన్‌స్ట్రక్షనిస్ట్‌ల రబ్బీ శిక్షణ కాలేజీ అంతకన్నా ముందే, 1984లో.

అసలు శ్రద్ధగా చూడాల్సింది కన్సర్వేటివ్ శాఖను. పేరు చూసి రాజకీయాలనుకోకండి, ఇది ఆర్థడాక్స్, రిఫార్మ్ శాఖలకు మధ్యలో ఉండే శాఖ. 2006 డిసెంబరులో ఈ శాఖకు చెందిన 25 మంది సభ్యుల ధర్మశాస్త్ర కమిటీ ముందుకు పూర్తిగా ఎదురెదురు తీర్పులు వచ్చాయి. రబ్బీ జోయెల్ రాత్ రాసినది నిషేధం అలాగే ఉండాలంది. ఎలియట్ డార్ఫ్, మరో ఇద్దరు రబ్బీలు కలిసి రాసినది మాత్రం మనిషి గౌరవం నిలబెట్టాలన్న తాల్ముద్ (ప్రాచీన రబ్బీల ధర్మచర్చల గ్రంథం) సూత్రాన్ని పట్టుకుని, తోరా నేరుగా నిషేధించిన ఒక్క చర్యను అలాగే ఉంచి, తర్వాతి కాలపు రబ్బీలు పెట్టిన మిగతా ఆంక్షలు ఎత్తేయాలంది. రెండింటికీ 13 చొప్పున ఓట్లు! (ఒకే సభ్యుడు రెండింటికీ ఓటేయొచ్చు.) అక్కడ ఆరు ఓట్లొస్తే చాలు, తీర్పు చెల్లుతుంది. కాబట్టి రెండూ చెల్లాయి, ఏది పాటించాలో ఏ సినగాగ్‌కు (యూదుల ప్రార్థనా మందిరానికి) ఆ సినగాగ్ రబ్బీ తేల్చుకోవాలి. భిన్నాభిప్రాయాన్ని ఇంత నిజాయితీగా రాసి పెట్టుకున్న సంప్రదాయం అంటే నాకు చాలా గౌరవం. 2012లో ఈ కమిటీ నుంచి గే పెళ్లి తంతుకు కూడా ఆమోదం దొరికింది.

ఇజ్రాయెల్‌ను విడిగా చూడండి. అక్కడ యూదుల పెళ్లిళ్లు ఆర్థడాక్స్ రబ్బీల చేతిలో ఉన్నాయి కాబట్టి గే జంటలు విదేశంలో పెళ్లి చేసుకుని వస్తారు, 2006 సుప్రీంకోర్టు తీర్పుతో ఆ పెళ్లిళ్లు రిజిస్టర్ అవుతున్నాయి.

అమెరికాలో మీ యూదు కొలీగ్ ఇలాంటి పెళ్లికి పిలిస్తే "మీ మతం ఒప్పుకుంటుందా" అని మాత్రం దయచేసి అడగకండి. శుభాకాంక్షలు చెప్పండి, పెళ్లి చేయిస్తున్న రబ్బీ ఏ శాఖ అని అడగండి, మిగతాది వాళ్లే చెప్తారు.