పాత స్పోర్ట్స్ కారు సన్‌రూఫ్: సీలు, కేబుళ్లు మార్చడం ఎలా?

వాన పడితే సీటు తడుస్తోందా? స్విచ్ నొక్కితే మోటారు చప్పుడే తప్ప సన్‌రూఫ్ (కారు పైకప్పులో జరిగే పలక) కదలట్లేదా? లేదా ఒక పక్క ముందుకొచ్చి, రెండో పక్క వెనకే ఉండిపోయి వంకరగా ఇరుక్కుంటోందా? తడి సమస్య సీలుదో (అంచు రబ్బరు) డ్రెయిన్లదో (నీరు బయటికి పోయే గొట్టాలు) అయి ఉంటుంది, కదలిక సమస్య చాలావరకు పలకను జరిపే కేబుళ్లది. సీలు మార్చాలన్నా, కేబుళ్లు మార్చాలన్నా రూఫ్ పలకను బయటికి తీయాల్సిందే కాబట్టి రెండు పనులూ ఒకేసారి చేసుకోవడం మంచిది. 1970లు, 80ల నాటి పోర్షే 911 తరహా స్టీల్ సన్‌రూఫ్‌ను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. మిగతా కార్లలో స్క్రూలు ఉండే చోట్లు మారతాయి గానీ పని వరస దాదాపు ఇదే.

ముందు డ్రెయిన్లు చూడండి

సీలు నీటిని పూర్తిగా ఆపదు, చాలావరకే ఆపుతుంది. దాన్ని దాటిన నీరు రూఫ్ చుట్టూ ఉన్న కాలువలో పడి, మూలల్లోని సన్నటి గొట్టాల గుండా కారు కిందికి పోతుంది. అందుకే కొత్త సీలు కొనే ముందు రూఫ్ తెరిచి, ఒక్కో మూలలో కొంచెం నీళ్లు పోసి కింద కారుతున్నాయో లేదో చూడండి. కారకపోతే మెత్తటి నైలాన్ తీగను నెమ్మదిగా దూర్చి చెత్త తీయండి. కంప్రెసర్ గాలి మాత్రం కొట్టొద్దు. పాత గొట్టం లోపల ఊడిపోతే నీరు నేరుగా కార్పెట్ కిందికి చేరుతుంది.

పలక తీయడం

రూఫ్‌ను కొద్దిగా తెరిచి, లోపలి గుడ్డ ఫ్రేమ్‌ను ముందు వైపు క్లిప్పుల నుంచి విడదీసి వెనక్కి తోయండి. ఆ తర్వాత బ్యాటరీ కనెక్షన్ తీసేయండి. చుట్టూ పెయింట్ మీద మాస్కింగ్ టేప్ అంటించండి. విప్పేముందు ప్రతి స్క్రూ ఎక్కడుందో మార్కరుతో గీత పెట్టి ఫొటో తీసుకోండి, బిగించేటప్పుడు ఆ గీతలే దారి చూపిస్తాయి. ముందు గైడ్లు (పలక జారే భాగాలు), వెనక లిఫ్టర్లు (పలకను పైకెత్తే భాగాలు) విప్పాక పలకను ఇద్దరు కలిసి ఎత్తి దుప్పటి మీద పెట్టాలి. ఒక్కరే ఎత్తితే అంచు రూఫ్‌కు తగిలి పెయింట్ లేచిపోతుంది.

కేబుళ్లు

911లో మోటారు కారు వెనక కిటికీ అద్దం పైన, పైకప్పు లోపలి గుడ్డలోని జిప్ వెనకాల ఉంటుంది. దాన్ని విప్పాక కేబుళ్లను ముందుకు లాగితే గైడ్ గొట్టాల్లోంచి వచ్చేస్తాయి. ఒకటే పాడైనా రెండూ మార్చండి. ఒకటి కొత్తది, ఒకటి అరిగినది అయితే రెండూ సమానంగా కదలవు.

గొట్టాల్లోని పాత గ్రీజు గట్టిపడి ఉంటుంది, దాన్ని పూర్తిగా తుడిచేయాలి. కొత్త కేబుళ్లకు పలచగా గ్రీజు రాసి దూర్చండి. ఇప్పుడు వస్తుంది అసలు పని. రెండు కేబుళ్లూ మోటారు పళ్లచక్రానికి చెరోపక్క ఉంటాయి. ఒక్క పన్ను తేడా వచ్చినా పలక వంకర తిరుగుతుంది. రెండు లిఫ్టర్లూ ముందు అంచు నుంచి సరిగ్గా ఒకే దూరంలో ఉన్నాయని స్కేలుతో కొలిచాకే మోటారు బిగించండి. వెంటనే కరెంటు ఇవ్వకుండా చేతి హ్యాండిల్‌తో ఒకసారి చివరిదాకా తిప్పి చూడండి. ఎక్కడైనా పట్టేస్తే ఆపి కారణం వెతకండి. బలవంతంగా తిప్పితే పళ్లు అరిగిపోతాయి.

సీలు

పాత రబ్బరు, జిగురు ప్లాస్టిక్ గీకుడు పలకతో తీసేయండి. కింద తుప్పు కనిపిస్తే శుభ్రంగా గీకి ప్రైమర్, పెయింట్ వేసి ఆరనివ్వాలి. తుప్పు మీద అంటించిన సీలు ఎక్కువ రోజులు ఆగదు.

అతుకు వెనక అంచు మధ్యలో వచ్చేలా అక్కడి నుంచే అంటించడం మొదలుపెట్టండి. గాలి, వాన ఎక్కువగా కొట్టేది ముందు అంచుకే, అక్కడ అతుకు ఉండకూడదు. మూలల దగ్గర రబ్బరును సాగదీయొద్దు. సాగదీసింది కొన్నాళ్లకు ముడుచుకుని అతుకు దగ్గర సందు వదులుతుంది. చివర్లో రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువే ఉంచి కోసి, నొక్కి కలపండి. జిగురు పూర్తిగా ఆరేదాకా పలకను ముట్టుకోకపోవడమే మంచిది. ఆరాక ఇద్దరు కలిసి పలకను తిరిగి పెట్టి, ముందు పెట్టుకున్న గీతల ప్రకారం బిగించండి.

ఎత్తు సరిచేయడం

ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ ఓపిక కావాల్సింది ఇక్కడే. పలక ముందు అంచు రూఫ్‌తో సమంగానో, గరిష్ఠంగా 1 మిల్లీమీటరు కిందనో ఉండాలి. వెనక అంచు సమంగానో, 1 మిల్లీమీటరు పైననో ఉండొచ్చు. ముందు అంచు పైకి లేస్తే వేగంలో గాలి హోరు తప్పదు. ఒక కాగితం ముక్క పెట్టి రూఫ్ మూసి లాగండి: చుట్టూ ఒకే బిగువు తగలాలి. వదులుగా వచ్చిన చోట స్క్రూ కొద్దిగా తిప్పి మళ్లీ చూడండి.

చివరికి ప్రెషర్ వాషర్ జోలికి పోకుండా మామూలు పైపుతో నెమ్మదిగా నీళ్లు పోయండి. లోపల ఒకరు టార్చి పట్టుకుని కూర్చుంటే తడి ఎక్కడ మొదలవుతోందో తెలుస్తుంది. తడి కనిపించకపోతే గుడ్డ ఫ్రేమ్‌ను ముందుకు లాగి క్లిప్పులకు బిగించేయొచ్చు.