బిట్‌కాయిన్ నోడ్ నెట్‌వర్క్ సెట్టింగులు: 8333 తెరవండి, 8332 మూసే ఉంచండి

నోడ్ అంటే బిట్‌కాయిన్ నెట్‌వర్క్‌లో భాగమై లావాదేవీల బ్లాకులను సరిచూసి దాచుకునే కంప్యూటర్. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ బిట్‌కాయిన్ కోర్‌ని ఇన్‌స్టాల్ చేసి ఆన్ చేస్తే చాలు, ఏ సెట్టింగూ ముట్టుకోకపోయినా నోడ్ నడుస్తుంది. దానంతట అదే ఇతర నోడ్లను వెతుక్కుని 10 కనెక్షన్లు పెట్టుకుంటుంది. వాటిలో 8 పూర్తిస్థాయివి, 2 బ్లాకుల కోసం మాత్రమే. ఇవన్నీ మన వైపు నుంచి బయటికి వెళ్లేవి కాబట్టి రౌటర్ అడ్డుపడదు. బ్లాకులు వస్తుంటాయి, వాలెట్ పనిచేస్తుంటుంది, చాలామంది అక్కడితో ఆగిపోతారు. కానీ బయటివాళ్లు చేరుకోలేని నోడ్, కొత్తగా నెట్‌వర్క్‌లోకి వచ్చేవాళ్లకు చోటివ్వలేదు. కొత్తగా మొదలయ్యే ప్రతి నోడూ తన 10 కనెక్షన్ల కోసం, లోపలికి రానిచ్చే నోడ్ల మీదే ఆధారపడాలి. అందుకే ఈ కాస్త శ్రమ పడటం విలువైన పని.

పని మొత్తం రెండు పోర్టుల చుట్టూ తిరుగుతుంది. 8333లో నోడ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, అది లోకానికి తెరిచి ఉండాలి. 8332 ఆర్‌పీసీ పోర్టు, అంటే మీ నోడ్‌కి ఆజ్ఞలిచ్చే చోటు. అది ఇంటర్నెట్‌కి ఎన్నడూ కనిపించకూడదు.

ఇక్కడ సెట్టింగుల పేర్లు తెలుగు లిపిలో ఉన్నాయి. ఫైల్లోనూ టెర్మినల్‌లోనూ టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో రాయాలి. బిట్‌కాయిన్ సెట్టింగులైతే అన్నీ చిన్న అక్షరాలే, మధ్యలో ఖాళీ ఉండకూడదు.

ముందు సరైన ఫైల్ పట్టుకోండి

సెట్టింగులన్నీ బిట్‌కాయిన్.కాన్ఫ్ అనే ఫైల్లో ఉంటాయి. లినక్స్‌లో హోమ్ ఫోల్డర్ లోపల చుక్కతో మొదలయ్యే బిట్‌కాయిన్ ఫోల్డర్లో, మ్యాక్‌లో లైబ్రరీలోని అప్లికేషన్ సపోర్ట్ కింద, విండోస్‌లో యాప్‌డేటా కింద వెతకండి. ఫైల్ లేకపోతే మీరే సృష్టించాలి. విండోస్ నోట్‌ప్యాడ్‌తో సేవ్ చేస్తే చివర టీఎక్స్‌టీ తగిలించేస్తుంది. పేరు చూడ్డానికి సరిగ్గానే ఉంటుంది గానీ నోడ్ ఆ ఫైల్‌ని అసలు చదవదు. ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకుని ఒకసారి సరిచూడండి.

లినక్స్‌లో సిస్టమ్‌డీ సర్వీసుగా (కంప్యూటర్‌తోపాటు వెనకాల దానంతట అదే మొదలయ్యేలా) నడిపేవాళ్లకు ఇంకో చిక్కు. సర్వీసు వేరే యూజర్ పేరుతో నడుస్తూ వేరే ఫోల్డర్లోని ఫైల్ చదువుతుండవచ్చు. ఊహలు అక్కర్లేదు. నోడ్ మొదలవగానే డీబగ్.లాగ్ మొదటి పేజీలో "కాన్ఫిగ్ ఫైల్" అని పూర్తి దారి, దాని కింద చదివిన ఒక్కో సెట్టింగూ రాసి ఉంటాయి. మీరు పెట్టింది ఆ జాబితాలో లేకపోతే అది అమల్లో లేనట్టే. గ్రాఫికల్ విండోలో మార్చినవి సెట్టింగ్స్.జేసన్ అనే ఇంకో ఫైల్లోకి వెళ్తాయి, కాన్ఫ్ ఫైల్ కన్నా దాని మాటే చెల్లుతుంది. కమాండ్ లైన్‌లో ఇచ్చింది ఈ రెండింటినీ మించుతుంది.

మొదలుపెట్టడానికి ఇంతే చాలు:

సర్వర్=1
లిజన్=1
మ్యాక్స్‌కనెక్షన్స్=60

లిజన్ మామూలుగా 1గానే ఉంటుంది. అయినా రాసి పెట్టడం మంచిది, కారణం కింద టార్ (ఐపీని దాచే నెట్‌వర్క్) దగ్గర తెలుస్తుంది. మ్యాక్స్‌కనెక్షన్స్ డిఫాల్ట్ 125. ర్యామ్ గానీ బ్యాండ్‌విడ్త్ గానీ తక్కువగా ఉన్న చిన్న కంప్యూటర్‌కి 40–60 సరిపోతుంది. ఈ సంఖ్య తగ్గిస్తే ముందుగా కోత పడేది బయటి నుంచి వచ్చే కనెక్షన్లకే.

రౌటర్

నోడ్ నడిచే కంప్యూటర్‌కి లోకల్ ఐపీ మారకుండా చూడండి. రౌటర్ పేజీలో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అనే చోట దాని మ్యాక్ అడ్రస్‌కి (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్యకి) ఒక ఐపీ, ఉదాహరణకి 192.168.1.40, కట్టబెట్టండి. ఇది చేయకుండా పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి ఒక పోర్టుకి వచ్చినదాన్ని లోపలి కంప్యూటర్‌కి పంపడం) పెడితే కొన్ని వారాలు బాగానే నడుస్తుంది. కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్‌కి ఇంకో ఐపీ వస్తే, ఫార్వర్డింగ్ మాత్రం పాత ఐపీ వైపే చూస్తుంటుంది.

తరవాత పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీలో బయటి పోర్టు 8333, లోపలి పోర్టు 8333, ప్రోటోకాల్ టీసీపీ, గమ్యం 192.168.1.40 ఇవ్వండి. యూడీపీ అక్కర్లేదు. రౌటర్లో పోర్టు తెరవమని ప్రోగ్రామే అడిగే పద్ధతులైన పీసీపీ గానీ నాట్-పీఎంపీ గానీ మీ రౌటర్ ఇస్తుంటే నాట్‌పీఎంపీ=1 రాస్తే నోడే ఈ పని చేసుకుంటుంది. వెర్షన్ 30 నుంచి ఇది ముందే ఆన్ అయి ఉంటుంది. ఇలాంటిదే పాత పద్ధతి యూపీఎన్‌పీ మద్దతును వెర్షన్ 29లో తీసేశారు కాబట్టి పాత గైడ్లలో కనిపించే యూపీఎన్‌పీ=1 లైను కొత్త వెర్షన్లలో యూపీఎన్‌పీని ఆన్ చేయదు.

కంప్యూటర్లోని ఫైర్‌వాల్‌ని మర్చిపోకండి. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ ఉంటే "సుడో యూఎఫ్‌డబ్ల్యూ అలౌ 8333/టీసీపీ" చాలు. విండోస్‌లో ఇన్‌బౌండ్ రూల్ ఒకటి అదే పోర్టుకి పెట్టాలి. ఐపీవీ6 ఉన్నవాళ్లకు నాట్ (ఒకే పబ్లిక్ ఐపీని చాలా పరికరాలు పంచుకోవడం) గొడవ లేదు గానీ, చాలా రౌటర్లు బయటి నుంచి వచ్చే ఐపీవీ6 కనెక్షన్లను ఫైర్‌వాల్‌లోనే ఆపేస్తాయి. దానికి విడిగా అనుమతి ఇవ్వాలి.

పని జరిగిందో లేదో ఇంటి వైఫై నుంచి చూడకండి. లోపల ఉండి తన సొంత పబ్లిక్ ఐపీకి వెళ్లే కనెక్షన్ని చాలా రౌటర్లు వెనక్కి తిప్పవు. పోర్టు తెరిచే ఉన్నా మూసినట్టు కనిపిస్తుంది. ఫోన్లో మొబైల్ డేటా పెట్టుకుని, ల్యాప్‌టాప్‌ని దానికి కలిపి, పబ్లిక్ ఐపీ మీద 8333కి నెట్‌క్యాట్ అనే కమాండ్‌తో ప్రయత్నించండి.

అన్నీ సరిగ్గా చేసినా తెరుచుకోకపోతే

రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ (రౌటర్‌కి బయటి వైపున ఉన్న ఐపీ) ఎంతో చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ ఇంటర్నెట్ సంస్థ సీజీనాట్ వాడుతోంది. అంటే ఒక పబ్లిక్ ఐపీ వెనక చాలా ఇళ్లు ఉన్నాయి, మీ రౌటర్లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటివాళ్లు అక్కడిదాకా రాలేరు. 10తో గానీ 192.168తో గానీ మొదలైతే మీ రౌటర్ ముందు ఇంకో రౌటర్ ఉండవచ్చు. చాలాసార్లు అది సంస్థ ఇచ్చిన మోడెమే. దాన్ని బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టించండి, లేదా రెండింటిలోనూ ఫార్వర్డింగ్ పెట్టండి. మధ్యలో అలాంటి మోడెమ్ ఏదీ లేకపోతే అదీ సీజీనాటే.

బయటివాళ్లకు మీరు ఏ ఐపీతో కనిపిస్తున్నారో నోడే చెబుతుంది. గెట్‌పీర్‌ఇన్ఫో కమాండ్ ఇస్తే ఒక్కో పీర్ (మన నోడ్‌కి కలిసిన నోడ్) వివరాల్లో "యాడర్‌లోకల్" అనే వరస కనబడుతుంది. అవతలి నోడ్ మనల్ని చూస్తున్న చిరునామా అదే. వ్యాన్ ఐపీకీ దీనికీ తేడా ఉంటే మధ్యలో ఇంకో నాట్ ఉన్నట్టే.

సీజీనాట్ ఉంటే పబ్లిక్ ఐపీ అడిగి తీసుకోవాలి, లేదా టార్ దారి పట్టాలి. టార్‌కి పోర్ట్ ఫార్వర్డింగే అక్కర్లేదు.

ఎక్స్‌టర్నల్‌ఐపీ అనే సెట్టింగ్ గురించి ఒక హెచ్చరిక. ఐపీ మారుతూ ఉండే ఇంటి కనెక్షన్లో దాన్ని వాడకండి. ఐపీ మారినా నోడ్ పాత చిరునామానే ప్రచారం చేస్తూ పోతుంది, పైగా అది ఉంటే నోడ్ తన చిరునామాని తనే కనుక్కోవడం మానేస్తుంది. మారని ఐపీ ఉన్న సర్వర్లకే అది పనికొస్తుంది.

టార్

డెబియన్, ఉబుంటులలో టార్ ప్యాకేజీ వేశాక దాని సెట్టింగుల ఫైల్ టార్‌ఆర్‌సీలో ఈ మూడు లైన్లు ఉండాలి:

కంట్రోల్‌పోర్ట్ 9051
కుకీఆథెంటికేషన్ 1
కుకీఆథ్‌ఫైల్‌గ్రూప్‌రీడబుల్ 1

నోడ్‌ని నడిపే యూజర్ని డెబియన్-టార్ గ్రూపులో చేర్చి, టార్‌నీ నోడ్‌నీ రీస్టార్ట్ చేయండి. గ్రూపులో చేర్చడం మర్చిపోవడమే ఇక్కడ అందరూ తడబడే చోటు. టార్ నడుస్తుంది, నోడూ నడుస్తుంది, కానీ టార్ కుకీ ఫైల్ చదివే అనుమతి లేక ఆనియన్ చిరునామా (టార్ లోపల మాత్రమే పనిచేసేది) పుట్టదు. అంతా సరిగ్గా ఉంటే డీబగ్.లాగ్‌లో టార్ సర్వీస్ ఐడీ వచ్చిందని, ఫలానా చిరునామాని ప్రచారం చేస్తున్నామని ఒక లైను పడుతుంది. ఆ చిరునామాలో చివరి ".ఆనియన్" చుక్కకి ముందు 56 అక్షరాలుంటాయి. ఆ చిరునామాకి తాళం డేటా ఫోల్డర్లో ఆనియన్ వీ3 ప్రైవేట్ కీ అనే ఫైలు. అది పోతే కొత్త చిరునామా వస్తుంది.

ఇప్పుడు ఒక నిర్ణయం తీసుకోవాలి. ఆనియన్=127.0.0.1:9050 రాస్తే ఆనియన్ నోడ్లకు మాత్రమే టార్ గుండా వెళ్తారు, మిగతావాటికి మామూలు దారే. మీ ఐపీ బయటపడుతుంది, కానీ రెండు నెట్‌వర్కులకూ మీరు వారధి అవుతారు. అలా కాక ప్రాక్సీ=127.0.0.1:9050 రాస్తే బయటికి వెళ్లే కనెక్షన్లన్నీ టార్ గుండానే వెళ్తాయి. అయితే ప్రాక్సీ రాయగానే నోడ్ లిజన్‌ని 0 చేసేసుకుంటుంది, మీ ఐపీ పొరపాటున బయటపడకూడదని. లిజన్=1 స్పష్టంగా రాయమన్నది ఇందుకే. దానితోపాటు ఈ లైనూ రాయండి:

బైండ్=127.0.0.1:8334=ఆనియన్

అప్పుడు టార్ గుండా వచ్చినవాళ్లనే లోపలికి రానిస్తుంది, మామూలు 8333 తెరుచుకోదు.

ఓన్లీనెట్=ఆనియన్ కూడా పెట్టాలా? ఐపీ దాచుకోవడం ప్రాణావసరమైతే పెట్టండి, లేకపోతే వద్దు. ఆనియన్ చిరునామాలు పుట్టించడానికి ఖర్చేమీ లేదు, కాబట్టి ఒకే మనిషి వేల చిరునామాలతో మిమ్మల్ని చుట్టుముట్టే వీలుంటుంది. మామూలు ఐపీలకైతే నోడ్ వేర్వేరు నెట్‌వర్క్ బ్లాకుల నుంచి పీర్లను ఎంచుకుని ఆ ప్రమాదాన్ని తగ్గిస్తుంది. మొదటిసారి చైన్ (ఇప్పటిదాకా వచ్చిన బ్లాకులన్నీ) మొత్తం దించుకోవడం కూడా టార్ మీద చాలా నెమ్మది. ఓన్లీనెట్ అనేది నోడ్ తనంతట తాను బయటికి పెట్టుకునే కనెక్షన్లకే వర్తిస్తుందని కూడా గుర్తుంచుకోండి. లోపలికి వచ్చేవాళ్లను అది ఆపదు.

8332ని కాపాడుకోవడం

ఆర్‌పీసీ మామూలుగా అదే కంప్యూటర్‌కి పరిమితం. వాలెట్ గానీ ఎలక్ట్రమ్ సర్వర్ గానీ అక్కడే ఉంటే ఏమీ మార్చకండి, నోడ్ తనే తయారుచేసుకునే పాస్‌వర్డ్ ఉన్న కుకీ ఫైల్‌తోనే పని జరుగుతుంది. ఇంట్లో ఇంకో మెషీన్ నుంచి కావాలంటే:

ఆర్‌పీసీబైండ్=127.0.0.1
ఆర్‌పీసీబైండ్=192.168.1.40
ఆర్‌పీసీఅలౌఐపీ=192.168.1.52

ఆర్‌పీసీఅలౌఐపీ లేకుండా ఆర్‌పీసీబైండ్ ఒక్కటే రాస్తే నోడ్ దాన్ని పట్టించుకోదు. పని కావడం లేదని విసుగొచ్చి అలౌఐపీలో 0.0.0.0/0 పెట్టేవాళ్లున్నారు. ఆ పని ఎప్పుడూ చేయకండి. ఆర్‌పీసీకి ఎన్‌క్రిప్షన్ లేదు, పాస్‌వర్డ్ దారిలో తెరిచిన ఉత్తరంలా వెళ్తుంది. దూరం నుంచి కావాలంటే ఎన్‌క్రిప్షన్ ఉన్న దారి, ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ లేదా వైర్‌గార్డ్ వాడండి. పాస్‌వర్డ్‌ని కూడా ఫైల్లో ఉన్నదున్నట్టు రాయకుండా, కోర్ సోర్స్‌లో వచ్చే ఆర్‌పీసీఆథ్ స్క్రిప్టుతో హ్యాష్ తయారు చేసుకుని ఆర్‌పీసీఆథ్ లైనుగా పెట్టండి.

డాకర్‌లో (ప్రోగ్రామ్‌ని విడి పెట్టెలా నడిపే సాఫ్ట్‌వేర్‌లో) నడిపేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. డాకర్ ప్రచురించిన పోర్టులు యూఎఫ్‌డబ్ల్యూ నియమాలను దాటిపోతాయి. యూఎఫ్‌డబ్ల్యూలో 8332 మూసి ఉందని ధీమాగా ఉంటే చాలదు. పోర్ట్ మ్యాపింగ్‌లో 8332:8332 అని కాకుండా 127.0.0.1:8332:8332 అని రాయండి.

బ్యాండ్‌విడ్త్

కొత్త నోడ్ ఒకటి మీ దగ్గర పాత బ్లాకులు దించుకోవడం మొదలుపెడితే అప్‌లోడ్ వందల జీబీల్లోకి పోవచ్చు. నెలవారీ పరిమితి ఉన్న కనెక్షనైతే మ్యాక్స్‌అప్‌లోడ్‌టార్గెట్=5000 పెట్టండి, అంటే 24 గంటలకు సుమారు 5 జీబీ. ఆ హద్దు దగ్గరపడితే వారం దాటిన బ్లాకులు ఇవ్వడం ఆపుతుంది, కొత్త బ్లాకులు మాత్రం ఇస్తూనే ఉంటుంది. డౌన్‌లోడ్ మీద దీని ప్రభావం ఉండదు. ఇంట్లో మీ సొంత సాఫ్ట్‌వేర్ ఏదైనా పాత బ్లాకుల కోసం 8333నే వాడుతుంటే, దానికి వైట్‌లిస్ట్=డౌన్‌లోడ్@192.168.1.0/24 రాసి మినహాయింపు ఇవ్వండి.

చివరగా సరిచూసుకోవడం

బిట్‌కాయిన్-సీఎల్ఐ -నెట్‌ఇన్ఫో అని కొడితే ఐపీవీ4, ఐపీవీ6, ఆనియన్ వారీగా లోపలికి ఎన్ని, బయటికి ఎన్ని అని పట్టిక వస్తుంది. "ఇన్" వరసలో ఒక్కటైనా కనబడితే మీ నోడ్ బయటివాళ్లకు అందుతున్నట్టే. చైన్ మొత్తం దిగేదాకా నోడ్ తన చిరునామాని ప్రచారం చేసుకోదు కాబట్టి అప్పటిదాకా సున్నా ఉంటే కంగారుపడి రౌటర్ని కెలకకండి. దిగాక కూడా మొదటి కనెక్షన్ రావడానికి కొన్ని గంటలు పడుతుంది.

బయటికి కూడా సున్నా ఉంటే ముందు కనెక్ట్= అనే లైను ఎక్కడైనా మిగిలిందేమో చూడండి. అది ఉంటే నోడ్ ఆ ఒక్క చిరునామాతోనే మాట్లాడుతుంది, ఇతర నోడ్లను వెతకడం, లిజన్ చేయడం రెండూ మానేస్తుంది. ఫలానా నోడ్‌ని అదనంగా కలపాలంటే వాడాల్సింది యాడ్‌నోడ్. ప్రయోగాల కోసం ఉన్న టెస్ట్‌నెట్, సిగ్నెట్ నెట్‌వర్కులు వాడేవాళ్లు పోర్టు, బైండ్, యాడ్‌నోడ్ లాంటివి ఆయా సెక్షన్ పేరు కింద రాయాలి. పైన మామూలుగా రాసిన అలాంటివి అసలు నెట్‌వర్క్ అయిన మెయిన్‌నెట్‌కే వర్తిస్తాయి. సెక్షన్ పేరు ఒకసారి రాశాక, దాని కింద ఉన్నవన్నీ ఆ సెక్షన్‌కే చెందుతాయి, అందుకే మెయిన్‌నెట్ లైన్లన్నీ ఫైల్ పైభాగంలోనే ఉంచండి. నోడ్లు మాట్లాడుకునే పోర్టు సిగ్నెట్‌కి 38333, టెస్ట్‌నెట్4ది 48333.

పీర్లు ఉండి కూడా కొత్త బ్లాకులు ఎక్కకపోతే కంప్యూటర్ గడియారం చూడండి. తన గడియారం కన్నా 2 గంటలకు మించి ముందున్న సమయంతో వచ్చిన బ్లాకుని నోడ్ తిరస్కరిస్తుంది. బ్యాటరీ అయిపోయిన పాత కంప్యూటర్లలో, సొంత గడియారం లేని చిన్న బోర్డుల్లో ఇది తరచూ కనిపిస్తుంది. ఎన్‌టీపీ (ఇంటర్నెట్ నుంచి సమయం సరిచేసుకునే సర్వీసు) ఆన్ చేసి నోడ్ రీస్టార్ట్ చేయండి.