ఆ ముఖం ఎవరిది? – నాలుగో పాఠం: నెలవంకను నమ్మవద్దు

పోయిన పాఠం చివర స్నానపు తొట్టిలో కూర్చున్న స్త్రీ చిత్రం ఇచ్చి, ఎవరో చెప్పమన్నాను. దాదాపు అందరూ ఫ్రాన్సు రాజు రెండో ఆన్రీ ప్రేయసి డియాన్ ద ప్వాతియే అనే రాశారు. కారణం అడిగితే, అందంగా ఉంది, ముత్యాలు పెట్టుకుంది, కాబట్టి రాజుగారి ప్రేయసే అయి ఉంటుందట! ఈసారి గౌను చేతుల కత్తిరింపును బట్టి కాలాన్ని అంచనా కట్టడం చెప్పాలి. అది వాయిదా వేస్తున్నాను. ముందు ఈ ముడి విప్పుకోవాలి.

ఆ చిత్రం వాషింగ్టన్‌లోని జాతీయ చిత్రశాలలో ఉంది. తొట్టి అంచు మీద చిత్రకారుడు ఫ్రాన్స్వా క్లువే సంతకం లాటిన్‌లో కనిపిస్తుంది. గీసిన కాలం సుమారు 1571 అని అంచనా. డియాన్ 1566 ఏప్రిల్ 25న తన ఆనె కోటలో చనిపోయింది. అప్పటికి ఆమెకు అరవై ఆరేళ్లు. చిత్రంలో ఉన్నది యువతి. వెనక దాది ఒక పసిబిడ్డకు పాలిస్తోంది. పోయిన మనిషిని గుర్తుగా పడుచుదనంలో గీసి ఉండవచ్చు కదా అని కొందరు వాదించారు. ఉండవచ్చు. అలాగైతే స్కాట్లాండ్ రాణి మేరీ స్టువర్ట్ కూడా కావచ్చు, ఫ్రాన్సు రాజు తొమ్మిదో షార్ల్ ప్రేయసి మారీ తూషే కూడా కావచ్చు. ఈ రెండు పేర్లనూ పండితులు ప్రతిపాదించారు, ఏదీ తేలలేదు. "తెలియదు" అని రాసి, ఎందుకు తెలియదో రెండు వాక్యాల్లో చెప్పినవారికి పూర్తి మార్కులు వేశాను. అలాంటివారు చాలా తక్కువ.

తొట్టి, ముందు పండ్లు, వెనక దాది అన్న ఈ అమరిక తర్వాత ఇతర చిత్రాల్లోకీ వెళ్లింది. ఫ్రాన్సులోని షాంతియీ మ్యూజియంలో ఉన్న అలాంటి చిత్రానికి నాలుగో ఆన్రీ రాజు ప్రేయసి గాబ్రియెల్ దెస్త్రే పేరు ఉంది. కాబట్టి భంగిమను బట్టి పేరు పెట్టకండి.

ఇప్పుడు అసలు ఉచ్చు. నెలవంక కనిపిస్తే చాలు, డియాన్ అనేస్తున్నారు. నాకు ఇంతకన్నా చిరాకు తెప్పించే పొరపాటు మరొకటి లేదు.

నెలవంక డయానా దేవతది. ఆ దేవత పేరే ఈమెకు ఉంది, నిజమే. కానీ నెలవంక రెండో ఆన్రీ రాజుకు సొంత చిహ్నం కూడా. రాజు కట్టించిన గోడ మీద, బైండు చేయించిన పుస్తకం మీద, అతని కవచం మీద నెలవంక ఉంటే అది మొదట రాజుది. ఇక ఆన్రీ (Henri) పేరులోని హెచ్ అక్షరానికి అటూ ఇటూ వంపులు పెనవేసిన ముద్ర చూడండి. ఆ వంపుల్ని డి అని చదివితే డియాన్, సి అని చదివితే రాణి కాథరిన్ ద మెదిచి. ఒకే చెక్కడాన్ని ఆ ఇద్దరు స్త్రీలూ తమదిగా చదువుకోగలిగేవారు. ఆ సందిగ్ధతే రాజుకు అనుకూలం అనుకుంటాను. అలాంటి ముద్రను పట్టుకుని మీరు ముఖానికి పేరు పెడుతున్నారు.

ఇంకో ఉదాహరణ. ఆనె కోట ద్వారం మీద జింకతో పడుకున్న కంచు వనకన్యను డియాన్ అని ఎందరో అనుకున్నారు. ఇటలీ శిల్పి బెన్వెనూతో చెల్లీనీ దాన్ని 1540లలో ఫాంటెన్‌బ్లో రాజభవనం కోసం, ఆన్రీ తండ్రి మొదటి ఫ్రాన్స్వా రాజు కొలువులో ఉండగా చేశాడు. ఆనెకు తర్వాత చేరింది. ఆమె ద్వారం మీదున్న బొమ్మ కూడా ఆమె బొమ్మ కాదు! ఇప్పుడది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

నలుపు తెలుపు దుస్తులు? 1515లో ఆమెను తనకన్నా ఎంతో పెద్దవాడైన లూయీ ద బ్రెజేకిచ్చి పెళ్లి చేశారు. 1531లో అతను పోయాక ఆమె జీవితాంతం ఆ రంగులే ధరించింది. ఆస్థానంలో ఎంత వైభవం వెలిగినా, 1547లో షెనాన్సో కోట చేతికొచ్చినా, మరుసటేడు వాలెంతినువా డచెస్ అయినా అవే రంగులు. అయితే 1559లో ఆన్రీ పోయాక కాథరిన్ కూడా నల్లబట్టలు కట్టింది, చివరిదాకా విడవలేదు. షెనాన్సోను వెనక్కి తీసుకుని, బదులుగా షోమోన్ కోటను ఈమెకు అంటగట్టింది కూడా ఆ నల్లబట్టల రాణే.

మరి దేన్ని నమ్మాలి? నా పద్ధతి చెబుతాను. మీకు నచ్చకపోతే మానేయండి. నేను తైలచిత్రాల జోలికి ఆఖర్న వెళ్తాను. ముందు క్లువే, అతని బృందం గీసిన సుద్దగీతల ముఖాలు చూస్తాను. కాథరిన్ వాటిని పోగుచేసేది. చాలా భాగం షాంతియీలో ఉన్నాయి. వాటిలో ముఖమే ప్రధానం, దేవతల వేషం ఉండదు. పేరు రాసి ఉంటే ఎవరి చేతిరాత, ఏ కాలంది అని అడగాలి, ఎందుకంటే తర్వాతివారు రాసిన పేర్లు కూడా ఉన్నాయి. ఆ తర్వాత రువాన్ చర్చిలో బ్రెజే సమాధి. భర్త తల దగ్గర మోకరిల్లిన వితంతువు డియానే. సమాధి ఎవరిదో, కట్టించింది ఎవరో తెలుసు కాబట్టి సందేహం లేదు. పడకలోలాగే సమాధిలోనూ నీతోనే ఉంటానని అక్కడ లాటిన్‌లో చెక్కించింది. చివరికి ఆమెను ఆనెలోనే పాతిపెట్టారు, ఫ్రెంచి విప్లవకాలంలో ఆ ఎముకల్నీ తవ్వి పారేశారు. ఆమె వెంట్రుకల్లో బంగారం మోతాదు మించి ఉందని ఈ శతాబ్దంలో చేసిన పరీక్షల్లో తేలింది. యవ్వనం కోసం బంగారం తాగిందన్న కథకు అది ఊతం. ముఖాన్ని గుర్తుపట్టడానికి మాత్రం దానితో పని లేదు.

అభ్యాసం: లూవ్ర్‌లోని "వేటగత్తె డయానా" చిత్రం తీసుకోండి. కాలం సుమారు 1550, గీసినవారి పేరు తెలియదు. విల్లు, అమ్ములపొది, కుక్క. ఒక్కోదానికీ ఎదురుగా అది ఇంకెవరికి చెందవచ్చో రాయండి. తర్వాత షాంతియీ సుద్దగీతల్లో డియాన్ పేరున్న ముఖం ఒకటి వెతికి, ముక్కు, కనురెప్పలు, గడ్డం విడివిడిగా పోల్చండి. ఏ పోలికా తేలకపోతే ఆ మాటే రాయండి. ఒక పేజీకి మించకూడదు. జవాబులో ఎక్కడైనా "అందం" అన్న మాట వాడితే దిద్దకుండా వెనక్కి పంపుతాను.