కింది దవడను కట్టుడు పళ్లకు సరిచేయించుకునే ముందు జాగ్రత్తలు

పళ్ల సెట్ కుదురుగా కూర్చునేందుకు కింది దవడ ఎముకపై మొనలను, లోపలి వైపు బొడిపెలను తీయించుకోబోయేవారు, ఎముకల బలహీనతకు అలెండ్రోనేట్ మాత్రలు గానీ జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ గానీ ఎప్పుడైనా తీసుకుని ఉంటే, మానేసి ఏళ్లు గడిచినా సరే, డాక్టరుకు తప్పక చెప్పాలి. వాటివల్ల గాయం మానక ఎముక బయటపడే ప్రమాదం ఉంది. రక్తాన్ని పలుచన చేసే మాత్రలను సొంతంగా ఆపకూడదు. షుగర్ అదుపులో ఉండాలి. పాత సెట్ ఒరిసి చిగురు వాచి ఉంటే, వాపు తగ్గేవరకు దాన్ని తీసి ఉంచాలి. ఎముక బాగా అరిగిపోయిన వారిలో కింది పెదవికి స్పర్శనిచ్చే నరం దవడ పైఅంచుకే చేరవచ్చు కనుక, కోత ఎక్కడ పెడతారో ఎక్స్‌రే చూసి చెప్పమని అడగాలి. సెట్ నొక్కుకున్నప్పుడు పెదవి తిమ్మిరెక్కుతుంటే, చాలామంది చిన్న విషయమని దాటేసే ఆ సంగతినీ చెప్పాలి.