ఒంటరిగా సిటీకి బట్టలు కొనడానికి వెళ్తున్నారా? బ్యాగ్ ఒంటి మీద నుంచి దిగనివ్వకండి

పోయిన శనివారం సాయంత్రం తెలియని నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. ఎత్తితే మా పిన్ని కూతురు. "అక్కా, నేనే. బ్యాగ్ పోయింది. నాకు నీ నంబర్ ఒక్కటే గుర్తుంది" అంది. ఆ తర్వాత మాట రాలేదు, ఏడుపే. రెండు రోజులు సెలవు పెట్టి, ఆరు నెలలుగా దాచుకున్న డబ్బుతో, మంచి బట్టలు కొనుక్కుందామని ఒక్కతే సిటీకి వెళ్లింది.

జరిగిందేమిటంటే, ట్రయల్ రూమ్‌లో ఒక జంప్‌సూట్ వేసుకుంది. లోపలి అద్దం మరీ దగ్గరగా ఉండటంతో మనిషి సగమే కనబడుతోంది. బయట నిలువుటద్దం ఉంది కదా అని పరదా తీసుకుని వచ్చింది. ముందు చూసుకుంది, వెనక్కి తిరిగి చూసుకుంది. పక్కన నిలబడ్డ ఒకామె "మీకు చాలా బాగుంది" అంటే నవ్వి థాంక్స్ చెప్పింది. లోపలికి వెళ్లేసరికి కొక్కేనికి తను వేసుకొచ్చిన షర్ట్ ఉంది, బ్యాగ్ లేదు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఫోన్, కార్డులు, గది తాళం, తిరుగు టికెట్, ఐడీ అన్నీ అందులోనే ఉన్నాయి. హోటల్ పేరు గుర్తుంది, ఏ వీధో గుర్తులేదు. ఎందుకంటే అడ్రస్ ఫోన్‌లో ఉంది. ఒంటి మీద ఇంకా డబ్బు కట్టని జంప్‌సూట్, చేతిలో చిల్లిగవ్వ లేదు.

నేను నాలుగేళ్లు బట్టల షాపులో, ట్రయల్ రూమ్‌ల దగ్గరే పనిచేశాను. ఇదే పొరపాటు, ఇదే అద్దం దగ్గర, ఎంతమంది చేయగా చూశానో. జేబు కొట్టేవాళ్ల గురించి, రద్దీ గురించి అందరూ జాగ్రత్తగానే ఉంటారు. షాపులోకి రాగానే, ఏసీ చల్లదనం తగలగానే, ఆ జాగ్రత్త సడలిపోతుంది. అందుకే నీళ్లు తాగండి, చార్జింగ్ పెట్టుకోండి లాంటివి నేను చెప్పను. అవి మీకు తెలుసు.

చెప్పేది ఒక్కటే. ట్రయల్ రూమ్ నుంచి అడుగు బయట పెడితే బ్యాగ్ మీతో రావాలి. కొత్త డ్రెస్ మీద పాత బ్యాగ్ వేసుకుంటే అందం తెలియదని అనిపిస్తుంది. తెలియకపోతే పోనీండి. భుజానికి కాకపోతే చేత్తో పట్టుకుని నిలబడండి.

బయలుదేరే ముందు

అన్నీ ఒకే బ్యాగులో పెట్టకండి. ఒక కార్డు, కొంత నగదు గదిలో పెట్టెలో తాళం వేసి ఉంచండి. గదికి ఆటోలోనో టాక్సీలోనో వెళ్లడానికి సరిపడా డబ్బు బ్యాగులో కాకుండా, ఒంటి మీద ఉన్న బట్టల జేబులో ఉండాలి. జేబు లేని బట్టలైతే లోపలివైపు పిన్నీసుతో చిన్న సంచి తగిలించుకోండి.

ఫోన్‌లో *#06# నొక్కితే ఐఎంఈఐ నంబర్, అంటే ఆ ఫోన్‌కి మాత్రమే ఉండే గుర్తింపు నంబర్, కనిపిస్తుంది. రెండు సిమ్‌ల ఫోన్ అయితే రెండు నంబర్లు వస్తాయి. కాగితం మీద రాసుకోండి. ఫోన్ పోయిందని ఫిర్యాదు ఇచ్చేటప్పుడు మొదట అడిగేది అదే, అప్పటికి ఆ నంబర్ చూపించాల్సిన ఫోన్ మీ దగ్గర ఉండదు.

వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 15 నిమిషాలు, 1 గంట, 8 గంటలు అని మూడు రకాలుగా పెట్టుకోవచ్చు. షాపింగ్ రోజు 8 గంటలది పెట్టి ఇంట్లో ఒకరికి పంపండి. ఊరికే పంపితే చాలదు. "ఏడింటికి గదికి చేరి ఫోన్ చేస్తాను, చేయకపోతే నువ్వు చెయ్యి" అని మాట కూడా చెప్పుకోండి.

ఇక వేసుకెళ్లే బట్టలు. లేసులు కట్టే బూట్లు, బోలెడు గుండీలున్న షర్ట్ వద్దు. లోపల ఒంటికి అతుక్కుని ఉండే పల్చటి బనియన్ లాంటిది, కింద లెగ్గింగ్ వేసుకుంటే జాకెట్లు, ఓవర్‌షర్టులు, వదులు టాప్‌లు ట్రయల్ రూమ్‌కి వెళ్లకుండానే వేసి చూసుకోవచ్చు. లోపలికి వెళ్లడం ఎంత తగ్గితే బ్యాగ్ దింపడం అంత తగ్గుతుంది.

షాపులో

సైజు నంబర్‌ని నమ్మి కొనేయకండి. బ్రిటన్ లెక్కలో 10, అమెరికా లెక్కలో 6, యూరప్ లెక్కలో 38, మూడూ దాదాపు ఒకే కొలత. అదీకాక ఒకే నంబర్ ఒక బ్రాండ్‌లో వదులు, ఇంకోదాంట్లో బిగుతు. ఇంట్లో మీకు బాగా పట్టే షర్ట్‌ని మంచం మీద పరిచి ఒక చంక కింది నుంచి రెండో చంక కింది దాకా టేపుతో కొలిచి రాసుకోండి. ప్యాంట్‌కి నడుము, లోపలి కాలు పొడవు. షాపులో బట్టని అలాగే పరిచి కొలిస్తే పది డ్రెస్సుల్లో ఆరింటిని వేసుకోకుండానే పక్కన పెట్టేయవచ్చు.

వేసుకున్నాక ఊరికే నిలబడి చూసుకుంటే సరిపోదు. కూర్చోండి, రెండు చేతులూ పైకెత్తండి. కుట్టు దగ్గర దారాలు విడిపోయి మధ్యలో సందు కనిపిస్తే అది నాలుగు సార్లు వేసుకునేలోపే చిరుగుతుంది. తెల్లవి, లేత రంగువి అయితే చెయ్యి లోపల పెట్టి చూడండి. వేళ్ల గీతలు కనిపిస్తే ఎండలో అన్నీ కనిపిస్తాయి. రంగుని మాత్రం తలుపు దగ్గర, పగటి వెలుతురులో చూడాలి, షాపు లైట్ల కింద ఒకలా, బయట ఇంకోలా ఉంటుంది. ముదురు డెనిమ్ అయితే తడి చేసిన తెల్ల రుమాలు లోపలి మడత మీద రుద్దండి. నీలం అంటిందంటే మీ తెల్ల బూట్లకీ అంటుంది. విస్కోస్ అనే బట్ట మెత్తగా జారుతుంటే ముచ్చటేస్తుంది, కానీ తడిస్తే దాని బలం బాగా తగ్గిపోతుంది. పిండి ఆరేసే అలవాటున్నవాళ్లు లేబుల్ చూసి కొనుక్కోవాలి.

ఇవన్నీ బట్టకి సంబంధించినవి. బట్ట చెడిపోతే డబ్బు పోతుంది, అంతే. బ్యాగ్ పోతే తెలియని ఊళ్లో నడిరోడ్డు మీద నిలబడతారు. కాబట్టి మళ్లీ చెబుతున్నాను. అద్దం కోసం బయటికి వస్తే బ్యాగ్ చేతిలో ఉండాలి. లోపల కొక్కేనికి కాదు, స్టూల్ మీద కాదు, "ఇప్పుడే వస్తాగా" అని కాదు.

బయటికి రావడం ఇష్టం లేకపోతే ఇంకో దారుంది. ఫోన్‌ని ఎదుటి గోడ దగ్గర నేల మీద ఆనించి టైమర్ పెట్టి ఫొటో తీసుకోండి. దగ్గరి అద్దం కంటే ఆ ఫొటోలోనే నిజం తెలుస్తుంది. తీశాక ఫోన్ అక్కడే మర్చిపోకండి. అలా మర్చిపోయిన ఫోన్లు నేనే వారానికి ఒకటి తీసి కౌంటర్‌లో ఇచ్చేదాన్ని.

కెమెరాల భయం గురించి అందరూ అడుగుతారు. అద్దం వెనక నుంచి ఎవరైనా చూసే వీలుందేమో తెలుసుకోవడానికి అద్దానికి వేలు ఆనించి గోటికీ దాని ప్రతిబింబానికీ మధ్య సందు చూసే పద్ధతిని పూర్తిగా నమ్మలేం. రెండు అరచేతులూ కళ్లకి ఇరువైపులా అడ్డం పెట్టి అద్దానికి ముఖం ఆనించి చూడండి, లేదా ఫోన్ టార్చ్‌ని అద్దానికి తాకించి వేయండి. వెనక గది ఉంటే కొంతైనా కనిపిస్తుంది. కొక్కేలు, స్క్రూ రంధ్రాలు, పైన పార్టిషన్ సందు చూడండి. అనుమానం వస్తే వాదించొద్దు, వేసుకోకుండా బయటికి వచ్చేయండి.

ఇంకా కొన్ని. వీటిని వరసలో పెట్టే ఓపిక నాకు లేదు, ఒక్కటీ వదలకండి.

చివరి రోజుకి కొనడం వాయిదా వేయొద్దు. రైలుకో ఫ్లైటుకో టైమ్ దగ్గరపడితే వేసి చూసుకోరు, బిల్లు చూసుకోరు, బ్యాగ్ అసలే చూసుకోరు. మొదటి రోజే కొంటే మార్చుకోవడానికి రెండో రోజు ఉంటుంది.

డబ్బు కట్టకముందే మార్పిడి సంగతి అడగాలి. డిస్కౌంట్‌వి మారుస్తారా, ఎన్ని రోజులు, ఇంకో ఊళ్లో బ్రాంచ్‌లో మారుస్తారా అని. బిల్లు మీద రాసి ఉందో లేదో చూడాలి. నోటిమాట చెల్లదు.

రెండు చేతులూ క్యారీబ్యాగులతో నిండిపోతే ఆగండి. మీ హ్యాండ్‌బ్యాగ్‌ని కాచే చెయ్యి లేదని అర్థం. అన్నిటినీ ఒక పెద్ద సంచిలో వేయండి, లేదా గదికి వెళ్లి పెట్టేసి రండి.

"ఒక్కరే వచ్చారా?" అని అడిగితే "మావాళ్లు పక్క షాపులో ఉన్నారు" అనండి. మొహమాటం లేకుండా అనండి. ఏ హోటల్లో దిగారో ఎవరికీ చెప్పొద్దు.

"ఇంకా మంచి పీసులు గోడౌన్‌లో ఉన్నాయి, పైకి రండి" అంటే వెళ్లొద్దు. కిందికి తెమ్మనండి. తేలేమంటే వద్దని వచ్చేయండి.

కార్డు మీ కళ్ల ముందు నుంచి కదలకూడదు. మెషిన్ మీద అంకె చదివాకే పిన్ కొట్టాలి.

"కాస్త నా బ్యాగ్ చూస్తుంటారా" అని ఎవరినీ అడగొద్దు. పక్క కస్టమర్‌ని వద్దు, సేల్స్ అమ్మాయిని కూడా వద్దు. ఆమె మంచిదే కావచ్చు, అదే నిమిషంలో ఆమెని ఇంకో నలుగురు పిలుస్తారు. నేను అక్కడ నిలబడ్డదాన్ని, నాకు తెలుసు.

వేసుకొచ్చిన ప్యాంట్ జేబులో ఫోన్ పెట్టి ఆ ప్యాంట్ కొక్కేనికి వేసి బయటికి రావడం కూడా అదే తప్పు.

తిరుగు ప్రయాణంలో కొత్త బట్టలకి చోటు చాలక పవర్ బ్యాంక్‌ని పెద్ద సూట్‌కేస్‌లోకి తోసేస్తారు. విమానంలో చెక్ఇన్ సామానులో అది పెట్టకూడదు. చేతి బ్యాగులోనే ఉండాలి.

ఎవరైనా మీ డ్రెస్ మెచ్చుకుంటే ముందు చెయ్యి బ్యాగ్ మీదకి వెళ్లాలి. తర్వాతే థాంక్స్.

బ్యాగ్ పోయిందా, షాపంతా తిరుగుతూ వెతకొద్దు. మేనేజర్‌ని పిలిచి సీసీ కెమెరా చూడమని చెప్పి, అదే నిమిషంలో ఎవరి ఫోనైనా అడిగి తీసుకోండి. ముందు సిమ్ బ్లాక్ చేయించండి, ఓటీపీలన్నీ దానికే వస్తాయి. తర్వాత కార్డులు. తర్వాత హోటల్‌కి ఫోన్ చేసి, తాళం పోయింది, నేను వచ్చేదాకా గది ఎవరికీ తెరవొద్దని చెప్పండి. ఆ తర్వాత ఐఎంఈఐ నంబర్‌తో పోలీస్ స్టేషన్‌కి వెళ్లండి, ఫిర్యాదు కాపీ అడిగి తీసుకోండి.

ఇదంతా చేయాలంటే నంబర్లు కావాలి. ఇంట్లో ఇద్దరివి, బ్యాంక్‌ది, సిమ్ కంపెనీది, హోటల్ పేరూ వీధీ. మా చెల్లి దగ్గర అవి లేకనే మూడు గంటలు ఆ షాపు స్టూల్ మీద కూర్చుంది. టికెట్ బుక్ చేసిన రోజే ఒక చీటీ మీద రాసి, షాపింగ్ రోజు వేసుకోబోయే ప్యాంట్ జేబులో పెట్టండి. ఆ ప్యాంట్ విప్పి ఇంకోటి వేసి చూసుకునేటప్పుడు చీటీ తీసి బూటులో పెట్టుకోండి.