బడికి దూరమైన పిల్లలకు గుర్రపుశాలలో చదువు: ఇంగ్లండు అనుభవం ఆధారంగా ఒక మార్గదర్శి

ఇంగ్లండులో ఒక విద్యార్థిని బడి నుంచి శాశ్వతంగా తొలగిస్తే, ఆరో రోజు నుంచి ఆ విద్యార్థికి పూర్తికాలపు చదువు ఏర్పాటు చేయవలసిన బాధ్యత స్థానిక కౌన్సిలుది. వ్యవహారం తొలగింపు దాకా పోకముందే, తరగతిలో కూర్చోలేని పిల్లలను, ఆందోళన వల్ల ఇల్లు కదలలేని పిల్లలను, ప్రతి పిరియడులో ఎవరితోనో ఒకరితో గొడవపడే పిల్లలను బడే వారానికి ఒకటి రెండు రోజులు వేరే చోటికి పంపడం కూడా ఉంది. ఇలాంటి ఏర్పాట్లన్నిటినీ అక్కడ ఆల్టర్నేటివ్ ప్రొవిజన్ అంటారు. మోటారు మరమ్మతు, వంట, వ్యవసాయం వంటి పనులతోపాటు గుర్రపుశాలలు కూడా ఇందులో చాలాకాలంగా భాగమయ్యాయి. బ్రిటిష్ హార్స్ సొసైటీ 'చేంజింగ్ లైవ్స్ త్రూ హార్సెస్' పేరుతో నడిపే కార్యక్రమం చదువుకు దూరమైన యువత కోసం ఉద్దేశించినదే. దక్షిణ లండన్‌లోని బ్రిక్స్‌టన్‌లో 1996లో మొదలైన ఎబొనీ హార్స్ క్లబ్ బడికి ప్రత్యామ్నాయం కాకపోయినా, గుర్రం మొహం చూసే అవకాశం లేని నగరపు పిల్లలకు ఆ అవకాశం కల్పించింది. అక్కడ స్వారీ నేర్చుకున్న ఖదీజా మెల్లా 2019లో గుడ్‌వుడ్‌లో మాగ్నోలియా కప్ అనే గుర్రపు పందెం గెలిచింది. అలాంటి గెలుపులు సంతోషం కలిగిస్తాయి గాని, కార్యక్రమం నడపదలచినవారు వాటిని గమ్యంగా పెట్టుకోకూడదని నా అభిప్రాయం. ఇక్కడ పిల్లకు కావలసింది పందెం కాదు, తాను చేయకపోతే ఆగిపోయే ఒక పని.

గుర్రపుశాల ఉండి ఇటువంటి పిల్లలను చేర్చుకోవాలనుకునేవారికి, వారిని పంపే బడులవారికి, ఇంగ్లండులో స్థిరపడి తమ బిడ్డకు ఈ దారి సూచించబడినప్పుడు ఏమి అడగాలో తెలియని తెలుగు తల్లిదండ్రులకు ఉపయోగపడాలని ఈ వివరాలు రాస్తున్నాను.

మొదలుపెట్టకముందు తేల్చుకోవలసినవి

మొదట చట్టం సంగతి. నిర్బంధ విద్య వయసులో ఉన్న ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది పిల్లలకు పూర్తికాలం చదువు చెబితే, ఆ సంస్థ స్వతంత్ర పాఠశాలగా నమోదు కావాలి. ప్రత్యేక అవసరాలకు సంబంధించిన విద్య, ఆరోగ్య, సంరక్షణ ప్రణాళిక ఉన్న పిల్ల గాని, కౌన్సిలు సంరక్షణలో పెరుగుతున్న పిల్ల గాని ఒక్కరున్నా ఈ నియమం వర్తిస్తుంది. నమోదు లేకుండా నడపడం నేరం. అందుకే చాలా గుర్రపుశాలలు వారంలో కొన్ని గంటలకే పరిమితమవుతాయి. పిల్ల పేరు బడి రిజిస్టరులోనే ఉంటుంది, భద్రత బాధ్యత కూడా బడి నుంచి పూర్తిగా బదిలీ కాదు. కాబట్టి పిల్ల రాకపోతే అదే రోజు ఉదయం బడికి తెలియజేయాలి. గుర్రపుశాలకు వెళ్ళిందని బడి, బడికి వెళ్ళిందని గుర్రపుశాల అనుకుంటూ ఉండిపోతే, ఆ పిల్ల ఎక్కడుందో ఎవరికీ తెలియని రోజు తప్పకుండా వస్తుంది.

పిల్లలతో పనిచేసే ప్రతి పెద్దకూ విస్తృత స్థాయి డీబీఎస్ తనిఖీ (నేరచరిత్ర ఉందేమో చూసే ప్రభుత్వ తనిఖీ), ప్రథమ చికిత్స శిక్షణ, పిల్లల రక్షణ శిక్షణ ఉండాలి. పిల్ల చెప్పిన విషయాన్ని ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదని అందరికీ ముందే నేర్పాలి. గుర్రాన్ని మాలీసు చేస్తూ, ఎదుటివారి కళ్ళలోకి చూడనవసరం లేని ఆ సమయంలో పిల్లలు ఇంట్లో సంగతులు చెప్పేస్తారు. అందులో ప్రమాదకరమైనది ఉంటే దాన్ని ఎవరికి, ఎంత త్వరగా చేరవేయాలో కాగితం మీద రాసి ఉండాలి. మరొక గీత కూడా స్పష్టంగా గీసుకోవాలి. ఇది చదువు, చికిత్స కాదు. గుర్రాల సాయంతో మానసిక చికిత్స చేసే పద్ధతులు వేరుగా ఉన్నాయి. 1999లో అమెరికాలో మొదలైన ఈగాలా సంస్థ పద్ధతిలో అర్హత గల మానసిక ఆరోగ్య నిపుణుడు, గుర్రాల నిపుణుడు ఇద్దరూ కలిసి కూర్చుంటారు. ఆ అర్హత లేని స్వారీ శిక్షకుడు పిల్ల గాయాలను తవ్వి తీయడానికి ప్రయత్నించడం కంటే, గిట్ట ఎలా ఎత్తాలో చక్కగా నేర్పడమే మేలు.

ఏ గుర్రం పనికివస్తుంది

పందేలనుంచి విరమించిన గుర్రం చౌకగా దొరుకుతుందని దాన్ని ఈ పనికి పెట్టడం చాలాచోట్ల జరిగే పొరపాటు. దానికి వేగం తెలుసు, ఓర్పు తెలియదు. నడివయసు పోనీలు (పొట్టి రకం గుర్రాలు), ఎందరో కొత్తవారి చేతులు చూసినవి, పక్కన బకెట్టు పడినా తల ఎత్తి చూసి ఊరుకునేవి కావాలి. ఒంటరి గుర్రం కలవరపడుతుంది కాబట్టి కనీసం రెండు మూడు కలిసి ఉండే మంద ఉంటే మంచిది. అంతేకాక, మంద లేకపోతే తర్వాత చెప్పబోయే మొదటి పాఠమే ఉండదు. ఒక గుర్రాన్ని పిల్లలతో పనికి రోజుకు రెండు విడతలకు మించి వాడకుండా, వారంలో పూర్తిగా పచ్చికలో విడిచిపెట్టే రోజులు ఉండేలా చూసుకోవాలి. మాలీసు చేయబోతే ముఖం తిప్పుకోవడం, తోక విదిలించడం, ఇంతకుముందు లేని కొరికే అలవాటు రావడం కనిపిస్తే ఆ గుర్రం అలసిపోయింది, లేదా దానికి ఎక్కడో నొప్పి ఉంది. పశువైద్యుడిని పిలవాలి గాని పిల్ల చేత సర్దుబాటు చేయించకూడదు.

మొదటి రోజు

మొదటి రోజు గుర్రాన్ని ముట్టుకోకపోయినా ఫరవాలేదు. కంచె బయట నిలబడి పదిహేను నిమిషాలు మందను చూడమని చెప్పాలి. ఏ గుర్రం ఎవరిని పక్కకు జరిపింది, ఏది ఏమీ చేయకుండానే దారి సంపాదించుకుంది, చెవులు ఎటు తిరుగుతున్నాయి, ఎవరు ఎవరి పక్కన మేస్తున్నారు, ఇవి చాలు. బడిలో ప్రతి ప్రశ్నకూ తప్పు జవాబు చెప్పే పిల్ల అని పేరుపడినవారు ఇక్కడ మొదటిసారిగా తాము చూసినదే జవాబుగా చెబుతారు. వీధిలో, ఇంట్లో ప్రమాదాన్ని పసిగట్టడం అలవాటైన పిల్లలు పెద్దలకంటే ముందే చెవి కదలికను పట్టుకోవడం మామూలే.

తర్వాత భద్రతా నియమాలను కారణంతో సహా చెప్పాలి. గుర్రానికి కళ్ళు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల చుట్టూ సుమారు 350 డిగ్రీల వరకు చూడగలదు, అయితే నుదుటికి సూటిగా ఎదురుగా కొంత దూరం, తోక వెనుక మాత్రం కనబడదు. అందుకే భుజం వైపు నుంచి, మాట్లాడుతూ దగ్గరకు వెళ్ళాలి. అది వేటాడే మృగం కాదు, మృగాలకు ఆహారమయ్యే జంతువు. భయం వేస్తే ముందు పరుగెడుతుంది, తర్వాతే ఆలోచిస్తుంది. అందువల్ల పగ్గాన్ని ఎప్పుడూ చేతికి చుట్టుకోకూడదు, మడతలుగా పట్టుకోవాలి. గుర్రాన్ని కట్టేటప్పుడు ఒక్క లాగుతో ఊడే ముడి వేయాలి, అదీ గట్టి కమ్మీకి కాకుండా బలంగా లాగితే తెగిపోయే పురికొసకు వేయాలి. దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చోకూడదు, వెంటనే లేవగలిగేలా వంగాలి. గట్టి బూట్లు, ప్రమాణాలకు సరిపోయే శిరస్త్రాణం, ధనుర్వాతం టీకా తప్పనిసరి. ఫోన్లు సంచీలో ఉండాలి. తొలి వారాల్లో ఒక్కొక్క పిల్లకు ఒక పెద్ద తోడుండాలి, గుర్రాన్ని చూసుకోవడానికి మరొకరు ఉంటే ఇంకా మంచిది.

వారాలు గడిచేకొద్దీ

స్వారీ ఎప్పుడు అని పిల్లలు మొదటి గంటలోనే అడుగుతారు. చివరికి, అదీ అందరికీ కాదు, అని నిజం చెప్పడమే మంచిది. సాధారణంగా చాలాచోట్ల పాటించే లెక్క ప్రకారం, జీనుతో కలిపి స్వారీ చేసేవారి బరువు గుర్రం బరువులో అయిదో వంతుకు మించకూడదు. ఎదిగిన కుర్రవాళ్ళలో చాలామందికి పోనీలమీద స్వారీ కుదరదని ఈ లెక్కతోనే తేలిపోతుంది. నేలమీద చేసే పనిలోనే సారమంతా ఉంది. తల పట్టీ వేయడం, మాలీసు చేయడం, నాలుగు గిట్టలూ ఎత్తి కొక్కెంతో మట్టి తీయడం, పగ్గం పట్టుకుని నడిపించడం, ఆపడం, ఒక అడుగు వెనక్కి వేయించడం, నేలమీద పరిచిన కర్రల మధ్యనుంచి తీసుకువెళ్ళడం, ఈ వరుసలో సాగాలి. ఒకటి నిలకడగా వచ్చేదాకా రెండోదానికి పోనవసరం లేదు. లద్దె ఎత్తడం, నీళ్ళ తొట్టి కడగడం ప్రతిరోజూ ఉండాలి.

నడిపించే పనిలో పెద్దలు వాడే మాటలు చాలా ముఖ్యం. "దానికి నీమీద నమ్మకం లేదు", "నీ మనసులోని కోపం దానికి తెలిసిపోయింది" వంటి మాటలు ఈ రంగంలో చాలా వినబడతాయి. వినడానికి లోతుగా ఉన్నా, అప్పటికే అందరూ తనను తప్పుపడుతున్నారని అనుకునే పిల్లకు గుర్రం కూడా తీర్పు చెప్పినట్టే ధ్వనిస్తాయి. కనిపించినదే చెప్పాలి. "చెవులు వెనక్కి వాల్చింది, అప్పుడు నీ పగ్గం ఎంత బిగువుగా ఉంది?" అని అడిగితే పిల్ల చేయి వదులు చేసి చూస్తుంది. గుర్రం అడుగు వేస్తుంది, లేదా వేయదు. ఏది జరిగినా తర్వాత ప్రయత్నించడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

బడి పాఠాలు ఈ పనిలోనుంచే తీయవచ్చు. దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ గుర్రం బరువు కట్టే లెక్క. ముంగాళ్ళ వెనుకగా ఛాతీ చుట్టుకొలతను, భుజం ముందుకొన నుంచి పిరుదు చివర వరకు పొడవును సెంటీమీటర్లలో కొలవాలి. చుట్టుకొలతను దానితోనే గుణించి, ఆ వచ్చినదాన్ని పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే సుమారు బరువు కిలోలలో వస్తుంది. చుట్టుకొలత 160, పొడవు 140 ఉన్న పోనీ బరువు దాదాపు 302 కిలోలు. రోజుకు శరీర బరువులో 1.5 నుంచి 2 శాతం వరకు ఎండుమేత అనుకుంటే, 4.5 నుంచి 6 కిలోల గడ్డి తూచి వలలో నింపాలి. వర్గాలు, శాతాలు అంటే పుస్తకం విసిరికొట్టిన పిల్ల ఇక్కడ రెండోసారి కూడా కొలుస్తుంది, ఎందుకంటే తప్పితే గుర్రం ఆకలితో ఉంటుంది. వసంతకాలపు లేతగడ్డి ఎక్కువగా మేసిన పోనీకి గిట్టలలో వాపు వచ్చి నడవలేకపోవడం, మైదానంలో పసుపుపచ్చగా పూసే రాగ్‌వర్ట్ మొక్క దాని కాలేయాన్ని పాడుచేయడం విజ్ఞానశాస్త్ర పాఠాలే. దాణా సంచిమీది వివరాలు చదవడం, రోజువారీ పుస్తకంలో నాలుగు వాక్యాలు రాయడం భాషకు సరిపోతాయి. గుర్రాల సంరక్షణలో ఎంట్రీ లెవెల్, లెవెల్ 1 స్థాయి గుర్తింపు ఉన్న అర్హతలు ఇంగ్లండులో ఉన్నాయి కాబట్టి, ఈ పనిని ధ్రువపత్రం దాకా తీసుకువెళ్ళే వీలు ఉందో లేదో తల్లిదండ్రులు మొదటే అడగాలి.

చెడ్డ రోజులు

కార్యక్రమం విలువ తేలేది ఇక్కడే. పిల్ల కోపంతో కారు దిగిన రోజు నేరుగా గుర్రం దగ్గరకు పంపకూడదు. ముందు లద్దె బండి తోయించాలి, బకెట్లు నింపించాలి, ఊపిరి, నడక నెమ్మదించాక మందవైపు తీసుకువెళ్ళాలి. అయితే "నువ్వు సరిగ్గా ఉంటేనే గుర్రం" అనే షరతు మాత్రం పెట్టరాదు. ఇష్టమైనదాన్ని పోగొట్టుకోవడం ఈ పిల్లలలో చాలామందికి బాగా అలవాటు. ఎవరో లాక్కోకముందే తామే చెడగొట్టుకోవడం కూడా నేర్చుకుని ఉంటారు. గుర్రాన్ని బహుమతిగానో శిక్షగానో వాడితే ఆ అలవాటుకే మరొక మెట్టు కట్టినట్టవుతుంది.

పిల్ల గుర్రాన్ని కొడితే పెద్దలు వెంటనే, అరవకుండా పగ్గం తీసుకోవాలి. ఆ రోజుకు గుర్రంతో పని ముగుస్తుంది గాని, పిల్లను ఇంటికి పంపేయకూడదు. ఏం జరిగిందో అదే రోజు మాట్లాడాలి, బడికి చెప్పాలి, వచ్చే వారం ఎప్పటి సమయానికే రమ్మని పిల్లతో స్పష్టంగా అనాలి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. గుర్రం తల తిప్పుకుని వెళ్ళిపోతే వెళ్ళనివ్వాలి, మూలకు తరిమి పట్టుకోకూడదు. తనకంటే చిన్న పోనీ వద్దన్నా పెద్దలు ఆ మాటకు విలువ ఇస్తున్నారని చూసిన పిల్ల, "ఈ రోజు నేను గిట్టలు ఎత్తను, భయంగా ఉంది" అని చెప్పడానికి వెనుకాడదు. గొడవ చేసి తప్పించుకోవడానికి బదులు నోటితో చెప్పడం వచ్చిందంటే, అది తరగతి గదిలో కూడా పనికివచ్చే నైపుణ్యం.

నమోదు, ముగింపు తేదీ

ఈ రంగంలో జరిగిన పరిశోధనలు చాలావరకు చిన్న బృందాలమీద జరిగినవి, కాబట్టి గుర్రం పిల్లను మార్చేస్తుందని బడికి వాగ్దానం చేయడం సబబు కాదు. చేయగలిగినది నిజాయితీగా నమోదు చేయడం. హాజరు, సాయం లేకుండా చేసిన పని, కోపం వచ్చినప్పుడు తిరిగి కుదుటపడటానికి పట్టిన సమయం, ఆ వారం బడిలో ఎన్ని పాఠాలకు కూర్చున్నారు అనేవి ఒకే పేజీలో పక్కపక్కన ఉండాలి. ఆఖరిది లేకపోతే ఎన్ని పేజీలు నింపినా, గుర్రపుశాలలో హాయిగా ఉంటూ బడికి మరింత దూరమవుతున్న పిల్లను మనం గుర్తించలేం. బడినుంచి ఒక ఉపాధ్యాయుడు నెలకొకసారైనా వచ్చి, పిల్ల గుర్రాన్ని నడిపిస్తుండగా చూడాలి. ఆ పిల్లకు చేతకానివే తెలిసిన మనిషి చేతనైనదాన్ని కూడా చూడటం వల్ల తిరిగి తరగతిలోకి వచ్చే దారి సుగమమవుతుంది. ముగింపు తేదీని కనీసం నెల ముందు చెప్పాలి, సెలవులలో చడీచప్పుడు లేకుండా ఆపకూడదు.

తెలుగు రాష్ట్రాలలో ప్రయత్నించేవారికి

పై చట్టాలు ఇక్కడ వర్తించవు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు బడి చదువు హక్కు కాబట్టి, ఇటువంటి పనిని బడికి అదనంగానే నడపాలి. ఆ వయసు దాటి చదువు ఆపేసినవారు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సార్వత్రిక పాఠశాలల ద్వారా గాని, జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ద్వారా గాని పది పరీక్ష రాసేలా పక్కనే ఏర్పాటు చేయాలి. పెళ్ళి ఊరేగింపుల గుర్రాలను అద్దెకు తెచ్చి పిల్లలకు అప్పగించడం మంచిది కాదు, ఎందుకంటే వాటికి ఎక్కడి నొప్పి ఉందో, ఏ చప్పుడుకు బెదురుతాయో తెచ్చినవారికి తెలియదు. గుర్రాలనుంచి మనుషులకు సోకగల గ్లాండర్స్ వ్యాధి మన దేశంలో ఉంది కాబట్టి, పిల్లలు రాకముందే ప్రతి గుర్రానికీ పశుసంవర్ధక శాఖ ద్వారా రక్తపరీక్ష చేయించి, ఫలితం చేతికి వచ్చేదాకా కొత్త గుర్రాన్ని మందకు దూరంగా కట్టాలి. వేసవిలో పని ఉదయం తొమ్మిదిలోపు ముగించి, ఆ తర్వాతి గంటలను నీడలో లెక్కలకు, రాతకు కేటాయించుకోవచ్చు.